తులాధారుని త్రాసు

వర్తకమును గూర్చి లోకమున రెండు అభిప్రాయములు గలవు. ధనము నార్జించు వృత్తి గనుక అది ధర్మమునకు దూరమని కొందరు తలంతురు. లాభమే వర్తకునికి ధర్మమనియు, దయాదాక్షిణ్యములు దుకాణము మూసిన పిదప ఇంటికడ జూపదగినవనియు మరికొందరు తలంతురు. చూచుటకు ఇవి పరస్పర విరుద్ధములు. అయినను వర్తకమును ధర్మవిచారమునుండి తప్పించుటలో ఇరువురకును ఏకాభిప్రాయమే. మన పూర్వులు ఈ రెంటిలో దేనిని అంగీకరింపలేదు. ఇందులకు మహాభారతమున శాంతిపర్వమునందలి జాజలి తులాధారుల ఉపాఖ్యానము నిదర్శనము.

జాజలి ఘోరతపస్సు చేసిన ముని. ఆయన నిశ్చలుడై నిలిచియుండగా జటలలో పక్షులు గూడు కట్టి గ్రుడ్లు పెట్టెను. పిల్లలకు రెక్కలు వచ్చి ఎగిరిపోవు వరకును ఆయన కదలలేదు. ఇక తాను ధర్మమును సాధించితినని జాజలి పొంగిపోగా, కాశీనగరమందలి తులాధారునితో నీవు సమానుడవు కావని అదృశ్యవాణి పలికెను. ఆ తులాధారుడు మునియు గాడు, రాజును గాడు. అంగడిలో కూర్చుండి సరకులు తూచి అమ్ముకొను సామాన్య వర్తకుడు.

తన్ను వెదకికొని వచ్చిన మునికి తులాధారుడు చేసిన బోధయందు రెండు అంశములు ముఖ్యములు. తన త్రాసు సర్వప్రాణుల యెడల సమముగా నుండుననుట మొదటిది. ఇది అందరెరిగినదే. రెండవది అంతగా ప్రచారమునకు రాలేదు. తులాధారుడు తన యెదుటనున్న సరకుతో ఆగలేదు. ఆ సరకు వెనుకనున్న బాధను గూడ జూచెను. ఎద్దులకు ముక్కు పొడుచుట, వానిచే మోయరాని బరువులు మోయించుట, మనుష్యులే మనుష్యులను దాసులను జేసికొని రాత్రింబవళ్ళు పనిచేయించుట, వీని నన్నింటిని ఆయన లెక్కలోనికి దెచ్చెను. లోకులందరును చేయుచున్నారు గనుక ఒక పని ధర్మము కాజాలదనియు, దాని కారణమును విచారించి తెలిసికొనవలెననియు ఆయన బోధించెను.

నేటి అంతర్జాతీయ వర్తకమును పరీక్షించుటకు ఈ రెండవ అంశమే మనకు గీటురాయి. తులాధారుని కాలమున ఎద్దు ఊరి పొలిమేరలోనే యుండెను. చూడదలచినవానికి అది కనబడెను. నేడు మనము తొడుగు చొక్కాకు ప్రత్తి ఒక దేశమున పండును. నూలు మరియొక దేశమున వడకబడును. కుట్టుపని మూడవ దేశమున జరుగును. అమ్మకము నాలుగవ దేశమున సాగును. ఈ దూరము వలన వర్తకుని త్రాసు ఏమగుచున్నది? ఈ ప్రశ్నను గాలిలో చర్చించుటకంటె ఒక వస్తువును, ఒక దేశమును దీసికొని చూచుట మేలు. వస్తువు వస్త్రము, దేశము మన పొరుగుననున్న బంగ్లాదేశ్.

పూర్వకాలపు వస్త్ర వర్తకము

దేశాంతర వర్తకము మనకు క్రొత్త కాదు. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును మచిలీపట్నమునకు వచ్చి వర్తకము ప్రారంభించిరి. వారిని ఆకర్షించిన సరకులలో మన తీరమున తయారగు అద్దకపు బట్టలు ముఖ్యమైనవి. చిరివేరుతో వేసిన ఎరుపు ఎన్ని ఉతుకులకును వెలవెలబోదని ఆ బట్టలకు ప్రసిద్ధి. వానిని ఆగ్నేయాసియా దీవులకు గొనిపోయి, మారుగా సుగంధద్రవ్యములు గొనుట డచ్చివారి పద్ధతి. ఐరోపాలో వీనికి గలిగిన ఆదరమును జూచి అచ్చటి నేతవారు కలవరపడిరి. ఫ్రాన్సు 1686లో అద్దకపు బట్టలను నిషేధించెను. ఇంగ్లండు 1700లో చేసిన చట్టముచే వాని దిగుమతిని, 1721లో చేసిన చట్టముచే వాని ఉపయోగమును గూడ నిషేధించెను. పంతొమ్మిదవ శతాబ్దమున ప్రవాహము తిరుగబడెను. యంత్రములపై నేసిన ఇంగ్లండు బట్ట మన సంతలను ముంచివేయగా, కృష్ణా గోదావరీ తీరములయందు ఎన్నియో మగ్గములు మూలబడెను.

ఈ చరిత్రమునుండి గ్రహింపవలసినది యొకటి గలదు. బట్టను అద్దిన మనిషికి ఆ చట్టముల సంగతి తెలియదు. అతని బ్రదుకును మార్చివేసిన నిర్ణయములు అతడెన్నడును చూడని నగరములలో, అతనిని అడుగకయే జరిగినవి. వర్తకము దూరమైనకొలది, నిర్ణయించువాడును అనుభవించువాడును వేరగుచుందురు. ప్రపంచీకరణమని నేడు మనము చెప్పుకొనుచున్న దానియందలి చిక్కుముడి యిదియే. అది నాడు బీజరూపమున నుండెను, నేడు మహావృక్షమైనది.

బంగ్లాదేశ్‌నకు కుట్టుమిషను వచ్చిన విధము

1956 ఏప్రిల్ 26వ తేదీన అమెరికాలోని నెవార్క్ రేవునుండి హ్యూస్టన్‌నకు ఒక ఓడ 58 పెద్ద లోహపు పెట్టెలతో బయలుదేరెను. నేడు కంటెయినరు అనబడు పెట్టె ద్వారా జరుగు వర్తకమునకు అది నాంది. అంతకు పూర్వము మూటలను, పీపాలను ఒక్కొక్కదానిగా కూలీలు ఓడలోనికెక్కించెడివారు. అటుపిమ్మట సరకుతో నిండిన పెట్టెను యంత్రము ఒక్కమారుగా ఎత్తి ఓడలో నుంచుచున్నది. రవాణా వ్యయము తగ్గుటచే, ఎంత దూరమున చేయించినను చౌకగా చేయించిన చోటనే లాభమను లెక్క ఏర్పడెను.

రెండవ కారణము రాజ్యముల నడుమ జరిగిన యేర్పాటు. తమ దేశములందలి బట్టల పరిశ్రమను రక్షించుకొనుటకై సంపన్న రాజ్యములు 1974లో ఒక అంతర్జాతీయపు టొడంబడికను అమలులోనికి దెచ్చెను. ఏ దేశమునుండి ఎన్ని దుస్తులు దిగుమతి చేసికొనవచ్చునో దాని ప్రకారము కోటాలు నిర్ణయింపబడెను. దక్షిణ కొరియా వంటి దేశముల కోటా నిండిపోవుటచే, అచ్చటి వర్తకులు కోటా మిగిలియున్న దేశములను వెదకసాగిరి. 1971లో స్వతంత్రమై, యుద్ధముచేతను క్షామముచేతను నలిగిన బంగ్లాదేశ్ వారి కంటబడెను. 1978లో ఆ దేశపు దేశ్ అను సంస్థకును, కొరియాకు జెందిన దేవూ సంస్థకును ఒప్పందము కుదిరెను. దాని ననుసరించి 130 మంది కొరియాకు పోయి కుట్టుపనియు, కర్మాగార నిర్వహణమును నేర్చుకొనివచ్చిరి. కొన్ని యేండ్లలో వారిలో అత్యధికులు ఆ సంస్థను విడిచి, ఇతర కర్మాగారములలో చేరియో, స్వయముగా స్థాపించియో ఆ విద్యను దేశమంతట వెదజల్లిరి.

పెట్టుబడి లేని దేశమున పరిశ్రమ యెట్లు పెరిగెనని చదువరులకు సందేహము గలుగవచ్చును. విదేశపు కొనుగోలుదారు ఇచ్చిన ఆర్డరునకు సంబంధించిన బ్యాంకు పరపతి పత్రమునే హామీగా జూపి, బట్ట కొనుటకు కావలసిన పరపతిని స్వదేశపు బ్యాంకునుండి పొందు పద్ధతి యొకటి ఏర్పడెను. ఎగుమతికై కుట్టు దుస్తులకు దిగుమతి చేసికొన్న బట్టను సుంకము చెల్లింపకయే గిడ్డంగిలో నిలువచేసికొనుటకు ప్రభుత్వము అనుమతించెను. ఈ విధముగా చేతిలో సొమ్ము లేనివాడును కర్మాగారమును నడుపగలిగెను. 2005 జనవరి 1వ తేదీన కోటాలు రద్దయినప్పుడు ఈ పరిశ్రమ కూలిపోవునని పలువురు భయపడిరి. కాని అది మరింత పెరిగెను. ఇటీవలి సంవత్సరములలో ఆ దేశపు ఎగుమతుల విలువలో ఐదింట నాలుగు వంతులకు మించి దుస్తులవలననే వచ్చుచున్నది. సుమారు నలువది లక్షలమంది ఈ పనిలో జీవించుచున్నారు. వారిలో సగమునకు మించి స్త్రీలు.

త్రాసు నందలి మొదటి తట్ట

సత్యమును వెదకువాడు ముందుగా మేలును మేలని ఒప్పుకొనవలెను. గ్రామమున ఇంటి గడప దాటి యెరుగని ఆడుపిల్ల నగరమునకు వచ్చి, తన పేరిట జీతము దీసికొని, తల్లిదండ్రులకు డబ్బు పంపగలుగుట సామాన్యమైన మార్పు కాదు. కర్మాగారములకు చేరువనున్న గ్రామములందలి బాలికలు ఎక్కువకాలము చదువుకొనుచున్నారనియు, వారి వివాహము, తొలి కాన్పు ఆలస్యమగుచున్నవనియు 2015లో ప్రకటింపబడిన యొక పరిశోధన తెలిపెను. లెక్కలు వచ్చిన పిల్లకు కర్మాగారమున మంచి ఉద్యోగము దొరకునని తెలియగానే తండ్రి బడికి పంపుచున్నాడు. దానధర్మములకు సాధ్యముకాని పనిని ఇచ్చట వర్తకము సాధించినది.

కావున దూరదేశపు వర్తకమంతయు దోపిడియేయని కొట్టివేయువారు ఆ పిల్ల ముఖము జూచి మాటాడవలెను. ఆ కర్మాగారము మూతపడినచో ఆమెకు మిగులునది సుఖజీవనము కాదు. తన గ్రామమున పనిలేమి, చిన్నతనమున పెండ్లి, పరుల యింట పాచిపని, ఇవియే ఆమె యెదుటనున్న మార్గములు.

రెండవ తట్ట

ఢాకా నగరమునకు చేరువనున్న సావర్‌లో రానా ప్లాజా అను ఎనిమిది అంతస్తుల భవనముండెను. దుకాణములకును కార్యాలయములకును ఉద్దేశింపబడిన ఆ కట్టడముపై అనుమతి లేకయే మరికొన్ని అంతస్తులు లేపి, ఐదు దుస్తుల కర్మాగారములు నడుపుచుండిరి. బరువైన యంత్రములును, విద్యుచ్ఛక్తి పోయినప్పుడు వాడు జనరేటర్లును పై అంతస్తులలో నుండెను. 2013 ఏప్రిల్ 23వ తేదీన గోడలలోను స్తంభములలోను పెద్ద పగుళ్ళు కనబడెను. పరీక్షించిన ఇంజనీరు భవనము ప్రమాదకరమని చెప్పగా అందరును వెలుపలికి పంపబడిరి.

మరునాడు జరిగిన దానిని శ్రద్ధగా గమనింపవలెను. క్రింది అంతస్తులలోని బ్యాంకు తన యుద్యోగులను రావలదనెను. దుకాణములు తెరువబడలేదు. కుట్టుపనివారిని మాత్రము లోనికి రమ్మనిరి. రానిచో జీతము పోవునని బెదిరించిరి. ఉదయము విద్యుచ్ఛక్తి నిలిచిపోగా జనరేటర్లు నడువసాగెను. తొమ్మిది గంటలు కాకముందే భవనమంతయు కూలిపోయెను. 1,134 మంది మరణించిరి. సుమారు 2,500 మంది గాయములతో బయటపడిరి. వారిలో అనేకులు అవయవములు గోల్పోయిరి. పదునేడు దినముల పిమ్మట ఒక యువతి శిథిలములనుండి సజీవముగా వెలుపలికి దీయబడెను.

భవనమొక్కటియే, పగుళ్ళును అవియే. బ్యాంకు గుమాస్తా బ్రదికెను, కుట్టుపని చేయు ఆడుది మరణించెను. ఈ భేదము ఎక్కడనుండి వచ్చినది? పగులు ఇద్దరకును కనబడినదే; తెలివియందు ఆమె తక్కువది కాదు. “నేను లోనికి రాను” అని చెప్పు శక్తి ఆమెకు లేదు. ఆ నాటికి కనీస వేతనము నెలకు 3,000 టాకాలు, అనగా 40 డాలర్లకు లోపు. నెల జీతము పోయినచో అద్దెయు బియ్యమును ఎట్లను చింత ఆమెను మెట్లెక్కించెను. ఆ ఐదు కర్మాగారములలో దేనియందును కార్మికసంఘము లేదు. ఆమె పక్షమున మరియొకరు కాదనుటకును వీలులేకపోయెను.

కర్త యెవరు?

ఈ మరణములకు కర్త యెవరని విచారింపగా ఒక విచిత్రము గోచరించును. భవనపు యజమానుని నిందింపవచ్చును. అతని దోషము స్పష్టమే. కర్మాగారపు యజమాని యేమనును? సరకు సకాలమున ఓడకెక్కకున్న కొనువారు వెల తగ్గింతురు, లేదా నా వ్యయముతో విమానమున పంపుమందురు, కావున ఒక్కదినమైనను పని నిలుపజాలనందును. కొనుగోలు కంపెనీ యేమనును? ఆ కర్మాగారము నాది కాదు, నేను ఆర్డరు మాత్రమే ఇచ్చితినందును. కొన్ని కంపెనీలకు తమ దుస్తులు అచ్చట కుట్టబడుచున్నవని గూడ తెలియదు. ఏలయన ఆర్డరు పొందినవాడు దానిని మరియొకనికి అప్పగించుచుండెను. శిథిలములలో దొరకిన పేరుపట్టీలను జూపిన పిమ్మటగాని కొందరు తమ సంబంధమును ఒప్పుకొనలేదు. ఇక దుకాణమున కొనినవాడు, అంగడిలో నున్న ధరకు కొంటిని, అందు నా తప్పేమందును.

ఒక్కొక్కరి మాటయందును కొంత నిజము గలదు. అందరి మాటలను గలిపినచో 1,134 మంది చనిపోయిరి గాని, చంపినవారు మాత్రము దాదాపు లేరని తేలును! కర్మము జరిగినది, కర్త కానరాడు. ఇది నిష్కామకర్మ కాదు. నిష్కామకర్మయందు కర్త ఫలముపై ఆశను విడుచును గాని బాధ్యతను విడువడు. ఇచ్చట ఫలమును అందరును గ్రహించి, బాధ్యతను మాత్రము ప్రక్కవానికి నెట్టుచున్నారు. నేటి అంతర్జాతీయ వర్తకమున ముఖ్యమైన దోషము ఎవడో యొక దుర్మార్గుని లోభము కాదు. లాభమును దగ్గరకును, బాధను దూరమునకును పంపు ఏర్పాటే ఆ దోషము.

తనిఖీలు లేవా యని యడుగవచ్చును, ఉన్నవి. 2012 సెప్టెంబరు 11వ తేదీన కరాచీలోని యొక దుస్తుల కర్మాగారము తగులబడి 250 మందికి పైగా మరణించిరి. ఆ కర్మాగారము ఉత్తమ ప్రమాణములు గలదని అంతకు కొలది వారముల ముందే యొక ధ్రువపత్రము పొందియుండెను. కన్నుమూసికొనియు కన్నుతెరచినట్లు చూపుటకు కాగితము ఉపయోగపడవచ్చును. తులాధారుడు చెప్పిన కారణవిచారము అట్టిది కాదు.

వ్యవస్థచే సాధ్యమైనది

ఇట్టి దోషమునకు ఒక్కొక్కరి మంచితనము చాలదు; మంచితనమునకు కట్టుబాటు తోడు కావలెను. ఇది సాధ్యమేయని రానా ప్లాజా పిమ్మట జరిగిన చరిత్ర చూపుచున్నది. 2013 మే నెలలో విదేశపు కంపెనీలును కార్మికసంఘములును కలిసి యొక ఒప్పందము చేసికొనిరి. క్రమముగా 200కు మించిన కంపెనీలు అందు చేరెను. అంతకు ముందటి ప్రతిజ్ఞలవలె గాక, ఇది చట్టరీత్యా బంధించునది. మాట తప్పిన కంపెనీపై వ్యాజ్యము వేయవచ్చును. స్వతంత్రులైన ఇంజనీర్లు 1,600కు పైబడిన కర్మాగారములను పరీక్షించిరి. వారి నివేదికలు అందరును చదువునట్లు ప్రకటింపబడెను. ప్రమాదకరమైన చోట పనిచేయ నిరాకరించు హక్కు కార్మికునికి గలదని అందు వ్రాయబడెను. సావర్‌లోని ఆడుదానికి ఆ ఉదయమున లేనిది ఈ హక్కే. మృతుల కుటుంబములకును, గాయపడినవారికిని పరిహారమిచ్చుటకై అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆధ్వర్యవమున ఏర్పడిన నిధికి కావలసిన 3 కోట్ల డాలర్లు పూర్తియగుటకు 2015 జూన్ వరకు పట్టెను. 2023లో ఆ ఒప్పందపు పద్ధతి పాకిస్తానునకు గూడ విస్తరించెను.

చట్టములును మారుచున్నవి. పెద్ద కంపెనీలు తమకు సరకు చేసియిచ్చువారియొద్ద జరుగు కష్టనష్టములను గూడ ముందుగా విచారింపవలెనని ఫ్రాన్సు 2017లోను, జర్మనీ 2021లోను చట్టములు చేసెను. ఐరోపా సమాఖ్య 2024లో అట్టి శాసనమునే చేసి, మరుసటి యేడు దాని అమలును వాయిదా వేసెను. లాభమునకు అలవడిన ప్రపంచము ఒక అడుగు ముందునకు వేసి, అర యడుగు వెనుకకు వేయుచున్నది.

ఇంతటితో సమస్య తీరినదని భ్రమపడరాదు. గోడలు గట్టిపడినవి గాని వెల గట్టిపడలేదు. 2020లో మహమ్మారి వ్యాపించి ఐరోపా అమెరికాలలో దుకాణములు మూతపడగా, అనేక కంపెనీలు కుట్టుట పూర్తియైన దుస్తులకు సైతము సొమ్ము చెల్లింపక ఆర్డర్లను రద్దుచేసెను. 300 కోట్ల డాలర్లకు మించిన ఆర్డర్లు రద్దయినవి లేదా నిలిచిపోయినవని బంగ్లాదేశ్ ఉత్పత్తిదారుల సంఘము ప్రకటించెను. ప్రజలు నలుగురిలో నిలదీసిన పిమ్మట పలు కంపెనీలు చెల్లింపునకు ఒప్పుకొనెను. 2023లో 23,000 టాకాల కనీస వేతనమును గోరుచు కార్మికులు వీధులకు వచ్చిరి. ఆ సంఘర్షణలలో కొందరు ప్రాణములు గోల్పోయిరి. ఆ సంవత్సరము డిసెంబరునుండి నిర్ణయింపబడినది 12,500 టాకాలు. 3,000తో పోల్చినచో ఇది పెంపే. కాని నడుమ పదేండ్లలో బియ్యపు ధరయు, ఇంటి అద్దెయు పెరిగినవని మరువరాదు.

మనము చేయదగినది

చదువరులలో చాలమంది వర్తకులు కారు. అయినను ఈ త్రాసు అందరి చేతులలోను గలదు. మనము మూడు స్థానములలో దానిని పట్టుకొనియున్నాము.

మొదటిది కొనువాని స్థానము. చౌకయైన వస్తువును విడిచిపెట్టినంత మాత్రమున ధర్మము నెరవేరదు. అందరును విడిచినచో ఆ ఆడుపిల్ల పనియే పోవును. వెల యెందుకింత తక్కువయని ప్రశ్నించుట, ఎచ్చట కుట్టబడినదో ప్రకటింపుమని కంపెనీలను అడుగుట, రెండు మారులు తొడిగి పారవేయుటకు గాక చిరకాలము వాడుటకు కొనుట, ఇవి కొనువాని ధర్మములు. అపరిగ్రహమను వ్రతము సన్న్యాసులకు మాత్రమేయని తలంపరాదు. అక్కరలేని పది చొక్కాల ఆశయే అచ్చట కర్మాగారమున గడియారమును తొందరపెట్టుచున్నది.

రెండవది పనిచేయించువాని స్థానము. మన దేశమునను దుస్తుల కర్మాగారములును, ఇటుకబట్టీలును, ఇండ్లు కట్టించువారును గలరు. ఇంటిలో నొక మనిషిచే పనిచేయించుకొను ప్రతివాడును ఈ కోవలోనివాడే. తన క్రింద పనిచేయువాడు భయపడక “ఇది నావలన కాదు” అని చెప్పగలడా యని ప్రతి యజమానియు తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. జీతము ముఖ్యమే. కాని కాదనగల స్వేచ్ఛ లేనిచోట జీతము కూడ ఒక సంకెల యగును.

మూడవది నడిమివాని స్థానము. నేటి చదువుకొన్న యువకులు పెక్కుమంది పెద్ద కంపెనీలలో లెక్కలు వ్రాయుట, ధరలు కుదుర్చుట, సరకుల రాకపోకలు చూచుట మొదలగు పనులు చేయుచున్నారు. హైదరాబాదులో కూర్చుండి వేరు ఖండముల వర్తకమును నడుపు తెలుగువారు మన యెరుకలోనే గలరు. వారి యెదుట కనబడునది అంకెల పట్టిక మాత్రమే. ఒక అంకెను పదిశాతము తగ్గించుట వారికి సులభము. ఆ తగ్గింపు ఎవరి యన్నములో తగ్గునో ఒక నిమిషమాగి విచారించుట వారికి నేటి తపస్సు. పై అధికారితో ఆ మాట చెప్పుట దానికంటె గొప్ప తపస్సు.

జాజలి తన తలపై పెరిగిన పక్షులకు హాని చేయలేదు. అది గొప్ప సంయమమే. కాని ఆ పక్షులు ఆయన తలపైననే యుండెను, వాని కదలిక ఆయనకు తెలియుచునే యుండెను. తన్ను తాకని ప్రాణియొక్క బాధను గూడ లెక్కలోనికి దీసికొనుటచే తులాధారుడు ఆ మునికి గురువాయెను. ప్రపంచము నేడు మన కాలపు మనుష్యులకు ఆ రెండవ పాఠమునే విధించుచున్నది. మన ఒంటిపైనున్న వస్త్రమును కుట్టిన చేతులు మనకు కనబడవు. అయినను ఆ చేతులు కలవు. వానిని స్మరించి తూచువాని త్రాసే సమమైన త్రాసు.